తెలిసిన ఒక బిడ్డ

మార్తమ్మకు టీవీ పిచ్చి అంటే నాచారంలో ఎవరూ నమ్మరు. సంఘపెద్ద దేవానందం భార్య. తెల్ల చీర తప్ప ఇంకోటి కట్టుకుని చర్చికి పోయి ఎరగదు. మందుల కంపెనీలో మాత్రల పట్టీలు అట్టపెట్టెల్లో సర్దే పని. మధ్యాహ్నం రెండింటికి షిఫ్టు ఎక్కితే రాత్రి పదింటికి దిగాలి. మొగుడూ బిడ్డా పొద్దున్నే పనులకు పోతారు కాబట్టి పదకొండు గంటలకు ఇల్లు, టీవీ రెండూ ఆమెవే.

తెలంగాణ బంద్ నాడు అంటుకుంది ఆ రోగం. కంపెనీ మూసేశారు. రిమోట్ నొక్కుతూ పోతే ఒక హిందీ చానల్ దగ్గర వేలు ఆగింది. గోవాలో సముద్రం ఒడ్డున ఒక బంగళా, అందులో ఏడుగురు దోస్తులు, అంతా పాతికేళ్ల లోపువాళ్లు. కెమెరాల ముందే తింటారు, తిట్టుకుంటారు, ఒకరి మీద ఒకరు చాడీలు చెప్పుకుంటారు. సాయంత్రానికి మళ్లీ వాటేసుకుని, హీరోయిన్లలా తయారై బయటికి పోతారు. ఆ బట్టలేంది, ఆ చెప్పులేంది! 'ఛీ, సిగ్గులేని మంద' అనుకుంది మార్తమ్మ. మర్నాడు పదకొండింటికి మళ్లీ పెట్టింది.

ఇంతలో శ్రమల దినాలు వచ్చాయి. ఈస్టరుకు ముందు ఆ నలభై రోజులు వాళ్ల సంఘంలో మాంసం ముట్టరు, టీవీ పెట్టరు. దేవానందం టీవీ మీద దుప్పటి కప్పి అంచులు కిందికి దోపాడు. మార్తమ్మ రోజూ దుప్పటి తీసి, చూసి, మళ్లీ అచ్చం ఆయన దోపినట్టే దోపేది. పట్టీలు సర్దిన చేతులు కదా, ముడత కూడా మారేది కాదు.

తప్పని తెలుసు. కానీ తాన్యాను వదల్లేకపోయింది. తాన్యా ఆ ఏడుగురిలో ఒకతి. దోస్తులే ఆమెకు తాగించి, మత్తులో ఆమె వాగినదాన్ని మర్నాడు ఆమెకే చెప్పి నవ్వుతారు. ఒక గురువారం ఆ పిల్ల బాత్రూంలో గడియ పెట్టుకుని ఏడ్చింది. బయట నవ్వులు. మార్తమ్మ అన్నం కంచం పక్కన పెట్టి తనూ ఏడ్చింది.

మర్నాడు ఆడవాళ్ల ఉపవాస ప్రార్థన. పాస్టరు భార్య శ్యామలమ్మ ప్రార్థన మనవులు ఏమున్నాయని అడిగితే మార్తమ్మ నోరు ఆగలేదు.

"నాకు తెలిసిన ఒక బిడ్డ ఉన్నది. తాగుడు అలవాటైంది. దోస్తులే దాని బతుకు ఆగం జేస్తున్నరు. జర దానికోసం ప్రార్థన జెయ్యున్రి."

అక్కడే పప్పులో కాలేసింది. ఆ గుంపులో ఎవరూ 'నా మొగుడు', 'నా కొడుకు' అని చెప్పరు. ఇంటి పరువు. మొగుడు తాగితే 'తెలిసిన ఒకాయన', కొడుకు చెడితే 'తెలిసిన ఒక పిల్లగాడు'. మిగతావాళ్లు పేరు అడగరు, అర్థం చేసుకుని కళ్లు మూసుకుంటారు. ఆ రోజూ మూసుకున్నారు. ఒకామె లేచొచ్చి మార్తమ్మ వీపు కూడా నిమిరింది.

మార్తమ్మకు ఉన్నది ఒక్కతే బిడ్డ, దోర్కా. ఉప్పల్‌లో బట్టల షాపులో బిల్లులు కొడుతుంది. బస్సు దొరకని రోజు షాపులో పనిచేసే అబ్బాయి బైకు మీద దింపుతాడు. జనాలకు ఆ బైకు చాలు. ఆదివారం దోర్కా సండే స్కూల్లో పిల్లలకు ఈస్టరు పాట నేర్పుతుంటే శ్యామలమ్మ పక్కకు పిలిచింది. "కొన్ని దినాలు క్లాసుకు రాకు బిడ్డా. ఎందుకో మీ అమ్మనే అడుగు" అంది. ఎనిమిదేళ్లుగా చెబుతున్న క్లాసు.

"ఏం జెప్పినవే అమ్మా నా గురించి?" దోర్కా గడపలోనే అడిగింది.

"నీ గురించి గాదే. టీవీల ఒక పిల్ల ఉన్నది..." మార్తమ్మ అంతా చెప్పింది. బిడ్డ నవ్వుతుందేమో అనుకుంది. దోర్కా నవ్వలేదు.

"మొన్న నాకు జెరమొస్తే గోళీ ఇచ్చి షిఫ్టుకు వోయినవ్. నాకోసం ఎన్నడన్న గట్ల ఏడ్సినవా?"

దోర్కా గడప దాటి లోపలికి వచ్చింది.

"ఏం జేస్తవో నాకు తెల్వది. నా క్లాసు నాకు గావాలె."

శుక్రవారం ప్రార్థనలో మార్తమ్మ లేచి నిలబడి నిజం చెప్పింది. ఆడవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"శ్రమల దినాలల్ల సంఘపెద్ద భార్య టీవీ జూసిందట! నమ్మేటట్టు జెప్పక్కా" అంది వీపు నిమిరినామె.

"కన్నపేగు గట్లనే మాట్లాడిస్తది. కూసో మార్తమ్మా" అంది శ్యామలమ్మ జాలిగా. ఆ జాలి తిట్టుకన్నా ఎక్కువ తగిలింది.

సోమవారం పదకొండుకు ఐదు నిమిషాలుందనగా మార్తమ్మ శ్యామలమ్మ ఇంట్లో ఉంది. ఆ ఇంట్లోనూ టీవీ మీద దుప్పటే. ఒక్క గుంజు గుంజింది.

"నీకేమన్న పిచ్చి లేసిందా? ఏం దినాలివి?"

"నా పాపం నాకు తగుల్తది. నువ్వైతే కూసో పాస్టరమ్మా."

చూడకుండానే చానల్ నంబరు నొక్కింది. బంగళా వచ్చింది, సముద్రం వచ్చింది.

"గా ఎర్రగౌను పిల్లనే తాన్యా. పక్కకున్నది దాని దోస్తట, దోస్తు! అడగకుండ దీని చెప్పులేసుకొని తిరుగుతది. గా గడ్డపోడు మొన్న దీని ఫోను దాచిండు. ఇగ సూడు, ఇప్పుడొచ్చి మంచిగ మాట్లాడ్తడు."

వాడు వచ్చాడు. మంచిగానే మాట్లాడాడు. శ్యామలమ్మ టీవీని వదిలేసి మార్తమ్మనే చూస్తోంది. తెర మీద తాన్యా పెట్టె సర్దుకుంటోంది. గేటు దాకా ఎవరూ రాలేదు. ఆ పిల్ల ఒక్కతే పెట్టె ఈడ్చుకుంటూ కారెక్కింది. మార్తమ్మ మాట ఆగిపోయింది. కొంగు నోట్లో కుక్కుకున్నా ఏడుపు ఆగలేదు.

శ్యామలమ్మ టీవీ ఆపేసింది. "ఎన్ని దినాల సంది జూస్తున్నవ్?"

"బంద్ నాటి సంది."

"శ్రమల దినాలల్ల గూడ?"

"ఒక్కదినం ఇడ్సిపెట్టలె."

శ్యామలమ్మ రిమోట్ పక్కన పెట్టింది. తర్వాత గొంతులో జాలి లేకుండా చెప్పింది. "ఆదివారం దోర్కాను క్లాసుకు రమ్మను. ఎందుకు ఆపిన్నో, ఎందుకు రమ్మంటున్ననో అందరికీ నేనే జెప్త. నువ్వు మాత్రం ఇగ మంది ముంగట నిలవడి ప్రార్థన జెయ్యకు. దేవానందం అన్నకు పాస్టరుగారు జెప్తరు."

మార్తమ్మ తల ఊపింది. శ్యామలమ్మ దుప్పటి ఎట్లా పడితే అట్లా కప్పుతుంటే చూడలేక, తనే వంగి అంచులు దోపింది. ముడత లేకుండా కుదిరింది. గడప దాటబోతూ ఆగింది.

"పాస్టరమ్మా, గా పిల్ల కోసం శుక్రవారం ప్రార్థన జేస్తరా, ఇడ్సిపెడ్తరా?"

శ్యామలమ్మ తలుపు వేసుకుంది.