గొట్టంలో సాలెగూడు

మా తోడికోడలంటే నాకు పడదు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, చివర్లో ఎవరూ నన్ను మంచిదాన్ని అనుకోకుండా. మా బావగారి భార్య, నాకంటే పదేళ్ళు పెద్దది, వరసకు అక్క. అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందని సామెత. ఆ సామెత కట్టినవాళ్ళెవరో మా వంటింట్లో ఒక పూట కూర్చునే ఉంటారు.

ఆవిడకు ఒక జబ్బుంది. నేను గిన్నె తోమి పెడితే దాన్ని బోర్లించి అడుగు చూస్తుంది. వేలితో రాసి, ఆ వేలు వెలుతురులో పెట్టి, "ఇంకోసారి తోమవే" అంటుంది. గొంతు పెంచదు. పెంచితే నేనూ నాలుగు అనేదాన్ని. నోట్లో నాలుక లేని మనిషితో పోట్లాడి చూడండి, ఆ నరకం ఏంటో తెలుస్తుంది.

ఇద్దరం ఒకే హోటల్లో పనిచేస్తాం. నాది ముందు కౌంటరు, ఆర్డర్లు రాసుకోవడం. ఆవిడది వెనక, గ్రిల్లు శుభ్రం చేసే పని. ఇరవై రెండేళ్ళుగా అదే పని. అందరూ గీకుడక్క అంటారు. ఆ పేరు పెట్టింది నేనే.

గ్రిల్లు మంచమంత ఉంటుంది. పైన ఇనప కమ్మీలు, వాటి కింద మంట వచ్చే గొట్టాలు ఐదు, అడుగున కొవ్వు కారి పడే రేకు. పొద్దున ఎనిమిదికల్లా ఆవిడ దాన్ని వెలిగించి మూత వేసి పావుగంట ఆగుతుంది. నిన్నటి కొవ్వంతా ఎండి పెళుసెక్కుతుంది. అప్పుడు ఆర్పేసి, కమ్మీలు వెచ్చగా ఉండగానే ఒక్కొక్కటీ నాలుగు వైపులా గీకుతుంది. చల్లారితే మొండికేస్తుందట. తీగల బ్రష్షు ముట్టదు. ఒక్క తీగ ఊడి కమ్మీకి అంటుకుంటే అది ఎవరి గొంతులో దిగుతుందోనని. తర్వాత తడిగుడ్డ, ఆ తర్వాత పల్చగా నూనె. రేకును వేడినీళ్ళలో సోడా వేసి కడిగి, దాన్నీ బోర్లించి చూస్తుంది.

దీనంతటికీ గంటన్నర. "పావుగంట పనికి గంటన్నరా?" అని ఓనరు సణుగుడు. వంట మాస్టరైతే ఇంకా పెద్ద జ్ఞాని. "నిప్పుకు మైలేంటమ్మా? కాలితే అన్నీ శుద్ధే" అంటాడు. తిన్నవాళ్ళు లోపలికొచ్చి చెయ్యి కలిపి మెచ్చుకునేది ఆ మాస్టరునే. గీకుడక్క ఎలా ఉంటుందో వాళ్ళు చూసి ఉండరు. మసి బట్టలతో ముందు హాల్లోకి రాకూడదని ఓనరు రూలు పెట్టాడు.

ఈమధ్య హోటలుకు రంగులు వేయించారు. పన్నెండు రోజులు మూత. గోడలు మెరిసిపోయాయి, గ్రిల్లు మొహం ఎవరూ చూడలేదు. పైన పటారం, లోన లొటారం అంటే ఇదే.

మళ్ళీ తెరిచిన రోజు పొద్దున అక్క వెనక తలుపు సందులోంచి నన్ను పిలిచింది.

"ఓనరుగారికి ఒక మాట చెప్పవే. గొట్టాల్లోకి వెళ్ళే సన్నటి పొడుగు బ్రష్షు కావాలి. ఇన్ని రోజులు మూసి ఉంటే గ్యాసు వాసనకు సాలెపురుగులు దూరి గూళ్ళు కట్టేస్తాయి. ఇప్పుడే ఒక్కటి వెలిగించి చూశాను, మంట పసుప్పచ్చగా వస్తోంది. ఆర్పేశాను. లోపల దులిపేదాకా ఎవరూ వెలిగించొద్దని చెప్పు."

"సరే" అన్నాను.

ఆ రోజు పనికి బయల్దేరే ముందు ఇంట్లో ఒకే మూకుడు మూడుసార్లు తోమించింది. మూడుసార్లు! నా కడుపు ఇంకా మండుతూనే ఉంది. ఓనరు నా ముందు నుంచే రెండుసార్లు వెళ్ళాడు. నేను నోరు విప్పలేదు. అక్కడితో ఆగినా బాగుండేది. వంటింటి గుమ్మంలో నిలబడి మాస్టరుతో, "మా అక్కకు సాలెపురుగులంటే భయమట. గ్రిల్లు వెలిగించొద్దంటోంది" అన్నాను. ఆయన పొట్ట ఊగేలా నవ్వాడు. నేనూ నవ్వాను.

పదకొండింటికి మాస్టరు ఐదు మీటలూ తిప్పాడు. గొట్టాల్లోకి పోవలసిన గ్యాసు వెనక్కి తన్నింది. భగ్గుమని మంట మీటల కిందనుంచి బయటికి వచ్చింది. నిప్పుకు మైల లేదన్న మహానుభావుడు ఒక్క దూకులో పెరట్లో ఉన్నాడు. అక్క పరుగున వచ్చి, ఆ మంట కిందుగా చెయ్యి పెట్టి సిలిండరు కట్టేసింది. రేకులో చుక్క కొవ్వు లేదు కాబట్టి మంట పాకలేదు, హోటలు మిగిలింది. ఆవిడ కుడిచెయ్యి మాత్రం మోచేతి దాకా బొబ్బలెక్కింది.

మధ్యాహ్నం అక్క కట్టు కట్టించుకుని రాగానే ఓనరు గదిలోకి పిలిచాడు. రంగు వాసన ఇంకా పోలేదు. మీసం కమిలిన మాస్టరు ఒక పక్క, నేనొక పక్క. బల్ల మీద కాగితం. గ్రిల్లు సరిగ్గా శుభ్రం చేయనందువల్ల ప్రమాదం జరిగింది, తప్పు పూర్తిగా నాదే అని అక్క పేరు మీద రాసి ఉంది. దాని కింద సంతకం పెడితే ఈ ఊళ్ళో ఏ వంటింటి గడపా ఆవిణ్ణి రానివ్వదు.

"గొట్టాలు మూసుకుపోయాయని నీకు తెలుసా?"

"తెలుసు సార్."

"తెలిస్తే నాకెందుకు చెప్పలేదు?"

అక్క నా వైపు చూసింది. ఒక్కసారే. గిన్నె అడుగు చూసే చూపు.

"మర్చిపోయాను సార్" అంది. ఎడమచేత్తో పెన్ను తీసుకుంది.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఓనరు మీద, మాస్టరు మీద, నా మీద, అందరికంటే ఎక్కువ ఆవిడ మీద. నన్ను కాయమని ఎవరడిగారు ఈవిణ్ణి? కాగితం లాగేశాను.

"మర్చిపోలేదు సార్! మీకు చెప్పమని నాకు చెప్పింది. నేనే చెప్పలేదు. మాస్టరుకు మాత్రం చెప్పాను."

"నువ్వు జోకేశావనుకున్నాను!" అన్నాడు మాస్టరు. అనేసి నాలిక కరుచుకున్నాడు.

"విన్నారుగా సార్. ఆవిణ్ణి ముందు హాల్లోకి రావద్దన్నది మీరు. వచ్చే వీలుంటే తనే చెప్పుకునేది. తప్పు రాస్తే మన ముగ్గురి తప్పూ రాయండి. మొదటి సంతకం నాది, చివరిది మీది."

ఓనరు అగ్గి మీద గుగ్గిలమయ్యాడు. నేనూ తగ్గలేదు. నా గొంతు ముందు హాలు దాకా వినబడిందట. కస్టమర్లు తొంగి చూస్తున్నారని తెలిశాక ఆయనే చల్లబడ్డాడు. కాగితం సొరుగులో పడేశాడు. చింపలేదు. అక్క పని నిలిచింది. నా కౌంటరు పోయింది. ఆవిడ చెయ్యి మానేదాకా గ్రిల్లు నేనే తోమాలన్నాడు. మాస్టరుకు ఏమీ కాలేదు, ఆయన మీసం కూడా వచ్చేస్తోంది. ఆ మీసం చూసినప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది.

మర్నాడు పొడుగు బ్రష్షు వచ్చింది. అక్క స్టూలు మీద కూర్చుంది, కట్టు కట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని. నేను గీకుతున్నాను.

"ఇంకోసారి" అంది.

"మెరుస్తోంది, కనబడట్లేదా?"

"కిందివైపు."

పళ్ళు నూరుకుంటూ కిందివైపు గీకాను. తర్వాత గొట్టాలు. మూడోదాంట్లోంచి బ్రష్షు లాగితే కొసన తెల్లటి పోగు వచ్చింది. చిటికెనవేలి గోరంత సాలెగూడు. ఊదితే ఎగిరిపోతుంది. దీని గురించి ఒక్క మాట చెప్పడానికి నాకు నోరు రాలేదు.

"మాస్టరుతో నేనన్నప్పుడు ఎక్కడున్నావక్కా?"

"గోడవతల. రేకు కడుగుతున్నా."

"విన్నావా?"

"విన్నాను. నవ్వితే నవ్వావు, ఓనరుగారికి చెప్పే ఉంటావనుకున్నా."

నాకు మళ్ళీ మండింది. "మరి నిన్న ఆ గదిలో నా పేరు చెప్పొచ్చుగా! తిట్టొచ్చుగా! ఇంత చెయ్యి కాల్చుకుని, ఒక్క ఏడుపైనా ఏడవ్వేం?"

అక్క ఎడమచేత్తో నా చేతిలోంచి బ్రష్షు తీసుకుంది. ఆ గూడును వేళ్ళతో తుడిచేసింది.

"రాత్రి ఏడ్చాను. చెయ్యి కాలినందుకు కాదే" అంది.

మిగతా సగం ఆవిడ అనలేదు. నేను బ్రష్షు తీసుకుని నాలుగో గొట్టంలో పెట్టాను.