మహబూబ్‌బీకి కట్టిన మేడమీది గది

2012 వేసవిలో నన్ను షామీర్‌పేట మండలానికి వేశారు. వృద్ధుల నివాస వసతులపై మా సంస్థ చేస్తున్న అధ్యయనంలో నేను క్షేత్ర పరిశోధకురాలిని. అంటే ఇల్లిల్లూ తిరిగి పెద్దవాళ్లతో మాట్లాడే మనిషిని. ముందుగా వాళ్ల సమ్మతి తీసుకోవాలి, వీలైనంతవరకు ఒంటరిగా మాట్లాడాలి, వాళ్లు చెప్పింది ఇంట్లోవాళ్లకు కూడా చెప్పకూడదు. ఇవీ మా నియమాలు.

లాల్‌గడి మలక్‌పేట్‌లో కూరగాయల వ్యాపారి యాకూబ్ కొత్త ఇల్లు కట్టిస్తున్నాడు. (పేర్లు మార్చాను.) తల్లి మహబూబ్‌బీ కోసం మేడమీద గది వేయించాడు. నన్ను పైకి తీసుకెళ్లి, గాలి ఎటునుంచి వస్తుందో కిటికీలు తెరిచి మరీ చూపించాడు. తల్లితో ఒంటరిగా మాట్లాడాలంటే ఆశ్చర్యపోయాడు గానీ కాదనలేదు.

ఆమె మొదట ఎత్తిందే ఆ గది సంగతి. మోకాళ్లు మెట్లెక్కనివ్వవు, ఒకసారి పైకి చేరితే ఇక కిందికి దిగేది ఉండదు, వాకిట్లోకి వచ్చే ఆడవాళ్లతో మాటామంతీ కూడా పోతుంది. అంతా చెప్పి, "వానికి చెప్పకు బేటీ. మస్తు ఖుషీతోని కట్టిస్తుండు" అంది.

బయటికి రాగానే యాకూబ్ అడిగాడు, అమ్మకు గది నచ్చిందా అని. ఆమె మాటలు నేను చెప్పడానికి లేదన్నాను. అతని ముఖం చిన్నబోయింది. దుకాణానికి అద్దెకిద్దామనుకున్న కింది గదికి ఇంకా షట్టర్ బిగించలేదు. ఇప్పుడు ఒక్క మాట చెబితే సరిపోతుంది. ఆలస్యమైతే ఆమె పైనే ఉండిపోవాలి. సాయంత్రం మా ప్రాజెక్టు అధికారికి ఫోన్ చేశాను. ఇచ్చిన మాట తప్పవద్దన్నారు. అయితే, చెప్పమంటారా అని ఆమెనే మళ్లీ అడగడానికి ఏ నియమమూ అడ్డురాదన్నారు.

మర్నాడు వెళ్లి అడిగాను. మహబూబ్‌బీ తల అడ్డంగా ఊపింది.

"నువ్వు చెప్తే కొడుకు మీద శికాయత్ జేసినట్టైతది. నేనే చెప్త. నువ్వు జర పక్కన కూసో."

యాకూబ్‌ను పిలిచి వాళ్ల ఉర్దూలోనే చెప్పింది. అతను నావైపు తిరిగి, "గీ సంగతి మీకు నిన్ననే ఎరుకనా మేడం?" అన్నాడు. తెలుసన్నాను. కోపం వచ్చిందేమో అనుకున్నాను. అతను లేచి వెళ్లి, కింది గదికి షట్టర్ వద్దు, తలుపు పెట్టమని మేస్త్రీకి చెప్పాడు. మహబూబ్‌బీ నన్ను చాయ్ తాగందే కదలనివ్వలేదు.

ఆ తల్లికీ, మళ్లీ అడగమన్న మా అధికారికీ నేను ఋణపడి ఉన్నాను. అంతకుముందు గోప్యత అంటే నోరు మెదపకపోవడమే అనుకునేదాన్ని. చెప్పాలా వద్దా అన్నది పెద్దవాళ్లకే వదిలి, వాళ్లు చెప్పదలచినప్పుడు పక్కన కూర్చోవడం కూడా మా పనేనని అక్కడ నేర్చుకున్నాను.