బండి చల్లారేదాకా

నా చిన్నప్పుడు మా బాపమ్మతో బజారుకు పోవాలంటే ఇంటిల్లిపాదికీ సిగ్గుగా ఉండేది. పాలవాడు పోసిన పాలను గోటి మీద చుక్క వేసుకుని చూసేది. వంకాయను తిప్పి తిప్పి, తొడిమ దగ్గర పురుగు కన్నం లేదని తేలాకే సంచిలో వేసేది. కొట్టువాడు "నమ్మకం లేదా అవ్వా" అంటే "నువ్వు మంచోనివే బిడ్డా, వంకాయ సంగతే తెల్వది" అనేది. మా బాపు తల్లి ఆమె. గోదావరిఖనిలో కంపెనీ ఇచ్చిన క్వార్టరులో మేమందరం కలిసి ఉండేవాళ్లం. బాపమ్మ, బొగ్గుబాయిలో పనిచేసే మా బాపు, అమ్మ, లారీ తోలే మా కాక, చిన్నమ్మ, ఇక పిల్లలం ఒక దండు. ఊరికి పోవాలంటే సగం మంది బస్సులో, సగం మంది స్కూటరు మీద. ఎవరో ఒకరు ఏడుస్తూ ఇంట్లో మిగిలిపోవలసిందే.

ఒక ఏడు చలికాలం మొదట్లో చిన్నమ్మకు మళ్లీ నెల తప్పింది. ఆ మాట వినగానే ఇంట్లో ఎవరూ గట్టిగా సంతోషపడలేదు. అంతకు ముందు వానాకాలంలో ఆమె కాసిపేట దగ్గర పుట్టింట్లో ఉండగా నెలలు నిండకుండానే నొప్పులొచ్చాయి. బాపమ్మ అప్పుడు అక్కడే ఉంది. కిరాయి జీపు మాట్లాడి ఎక్కించుకుని బయలుదేరితే సగం దారిలో, వానలో, ఆ జీపు ఆగిపోయింది. దవాఖానకు చేరేసరికి బిడ్డ దక్కలేదు. అందుకే ఈసారి ప్రసవం నాటికి ఇంటి ముందు సొంత బండి ఉండాలని బాపు, కాక పట్టుబట్టారు. కొత్తది కొనే తాహతు లేదు. అందరూ పట్టే పాత బండి ఏదైనా చూడాలనుకున్నారు.

ఎండాకాలంలో కాక ఒక తెల్లకారును చూసొచ్చాడు. బజారు చివర పాత బండ్లు అమ్మే ఒకాయన షెడ్డులో ఉంది. కాక దాని గురించి చెప్పే తీరు చూస్తే పెళ్లిచూపులకు పోయి వచ్చినట్టుండేది. సీట్లకు కొత్త బట్ట, అద్దం ముందు ఊగే ముత్యాల దండ, ఇంజను చప్పుడైతే వినపడనే వినపడదట. బాపు కూడా వెళ్లి చూసి మెచ్చుకున్నాడు. బాపమ్మ బియ్యం చెరుగుతూ అంతా విని, ఒక్క మాట అడిగింది.

"మీరు పోయినప్పుడల్ల బండి నడుస్తనే ఉన్నదా?"

"మేం వస్తున్నమని చెప్పి పోతిమి గదనే అవ్వా. ఆయన స్టార్టు చేసి తయారు పెట్టిండు" అన్నాడు కాక.

బాపమ్మ చేట పక్కన పెట్టింది. ఆదివారం తాను కూడా వస్తానంది. తాను ఒక్కతే కాదు, ఇంటిల్లిపాదీ రావాలంది. కాక తల పట్టుకున్నాడు.

మేము రెండు ఆటోల్లో దిగేసరికి షెడ్డు ఆయన నవ్వుతూ ఎదురొచ్చాడు. పిల్లల చేతుల్లో చాక్లెట్లు పెట్టాడు. చిన్నమ్మకు కుర్చీ వేయించాడు. ఆ మర్యాద చూసి నేను మురిసిపోయాను. బాపమ్మ నా భుజం పట్టుకుని నడుస్తూ, తూలినట్టుగా కారు ముందు రేకు మీద చెయ్యి ఆనించింది. వెంటనే తీసి కొంగుకు తుడుచుకుంది.

"పొద్దుగాల ఎటన్న పోయొచ్చిందా నాయనా, బండి?" అని అడిగింది.

"ఎటు లేదవ్వా. నిన్నటి సంది కదిలియ్యలే. మీకోసమే ఆపిన."

నీడలో ఉన్న బండి. నేను కూడా పిల్లచేష్టగా చెయ్యి పెట్టి చూశాను. అప్పుడే దించిన అన్నం గిన్నెలా ఉంది. నోరు తెరిచి చెప్పబోయేలోగా బాపమ్మ వేళ్లు నా భుజంలోకి దిగాయి. 

"అయ్యో, యాది మరిచిన. రాహుకాలం నడుస్తున్నది. దాటేదాక బండిని ఎవ్వలు ముట్టకుండ్రి" అంది బాపమ్మ.

మా అమ్మ చటుక్కున తలెత్తింది. ఆదివారం రాహుకాలం సాయంత్రమని ఆమెకు తెలుసు. అత్త ముఖం చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని మళ్లీ తల దించుకుంది. బాపు, కాక ఇవేవీ ఎరగని మనుషులు. షెడ్డు ఆయన నవ్వు మాత్రం కాస్త సడలింది.

బాపమ్మ తీరిగ్గా గోనెపట్టా పరిపించి మమ్మల్ని కూర్చోబెట్టింది. మిర్చి బజ్జీలు తెప్పించింది. మేము తింటున్నంతసేపు ఆ మనిషి కారు చుట్టూ తిరుగుతూనే ఉన్నాడు. నిమ్మకాయ కట్టిస్తానన్నాడు. జల్దిగా ఒక్క చక్కర్ వేసొస్తే దోషం పోతుందన్నాడు. వేరే పార్టీ బయానా డబ్బులు పట్టుకుని బయలుదేరిందన్నాడు. ఆ మాటకు కాక లేచి నిలబడ్డాడు.

"అవ్వా, చెయ్యి జారిపోతది. నీకు లోకంల అందరి మీద అనుమానమే!"

"కూసో బిడ్డా" అంది బాపమ్మ. కాక కూర్చోలేదు. షెడ్డు గుమ్మంలో నిలబడి, మా వైపు వీపు పెట్టి బీడీ కాల్చుకున్నాడు.

బజ్జీలు అయిపోయాయి, నీళ్లు తాగాం, చెల్లె నా ఒళ్లో నిద్రపోయింది. బాపమ్మ లేచి మళ్లీ కారు మీద చెయ్యి వేసింది. ఈసారి తీయలేదు. "ఇగ తియ్యి నాయనా" అంది.

ఆయన తాళం తిప్పాడు. బండి దగ్గింది, మూలిగింది, ఆగిపోయింది. మళ్లీ తిప్పాడు. మళ్లీ అంతే. చివరికి షెడ్డు పనివాళ్లు వెనక నుంచి నెడితే ఒక్కసారి గుర్రుమని తెల్లటి పొగ కక్కింది. మేమందరం దగ్గుకుంటూ బయటికొచ్చాం. బ్యాటరీ దిగింది అంతేనని ఆయన ఏదో చెబుతున్నాడు. కాక ఆ పొగ వంక చూస్తూ ఉండిపోయాడు.

 "మంచిగ చేపిచ్చుకో బిడ్డా" అని ఆయనకు చెప్పి, బాపమ్మ చిన్నమ్మను చెయ్యి పట్టి లేపింది.

తిరిగి వస్తుంటే ఆటోలో బాపమ్మను అడిగాను, నీకు కార్ల గురించి ఎట్ల తెలుసు అని.

"కార్ల సంగతి నాకేమెరుక? ఆ జీపోడు గూడ గిట్లనే జల్ది జల్ది అన్నడు. ఇంజను నడుస్తనే ఉండె. ఒక్కసారి బంద్ చేసి మల్ల తియ్యమని నేను అడగకపోతిని" అంది.  పక్కన చిన్నమ్మ ఆమె చేతిని తన ఒడిలోకి తీసుకుంది.

ఆ తరువాతి ఆదివారం జ్యోతినగర్ పోయాం. కరెంటు ప్లాంటులో ఉద్యోగం చేసే ఒక కోస్తా ఆయన బదిలీ మీద వెళ్లిపోతూ తన వ్యాను అమ్ముతున్నాడని బాపుకు ఎవరో చెప్పారు. రంగు వెలిసిన ఆకుపచ్చ వ్యాను. ఆయన అడక్కముందే దాని లోపాలన్నీ చెప్పుకుపోయాడు. పక్క తలుపు బిగుసుకుంటుందని, వానపడితే వెనక సీటు మీద చుక్క కారుతుందని, పొద్దున్నే మొదటిసారికి అంటుకోదు, రెండుసార్లు దగ్గి మూడోసారికి వస్తుందని.

బాపు ముఖం విప్పారింది. బాపమ్మకు అనుమానం రెట్టింపైంది. నా చెవిలో "తన సొమ్మును తనే తిట్టుకుంటుండు, ఇంకేం దాస్తుండో" అని గొణిగింది. ముందు రేకు మీద చెయ్యి వేసి చూసింది. కాస్త వెచ్చగానే ఉంది. మళ్లీ రాహుకాలం అందుకుంది.

ఆయన భార్య అప్పుడే మజ్జిగ గ్లాసులతో బయటికొచ్చింది. "ఆదివారం రాహుకాలం సాయంత్రం కదండీ పెద్దమ్మగారూ?" అంది.

మా అమ్మ గోడ వైపు తిరిగిపోయింది. బాపమ్మ దొరికిపోవడం నేను చూసింది ఆ ఒక్కసారే. కొంగు సర్దుకుంది. ఆవిడ ఒక్క క్షణం బాపమ్మనూ, వ్యాను మీద ఉన్న ఆమె చేతినీ చూసింది. చూసి, మెల్లగా నవ్వింది.

"పొద్దున కూరగాయలకు తీసుకెళ్లారండీ, అందుకే వేడి. చల్లారాక చూద్దురుగాని, లోపలికి రండి. కడుపుతో ఉన్న పిల్ల ఎండలో ఎందుకు? నేనైనా అలాగే చూసే కొంటాను."

ఆయన కూడా కోపగించుకోలేదు. తాళంచెవి తెచ్చి కాక చేతికిచ్చి, భోజనానికి లోపలికి వెళ్లాడు. మధ్యాహ్నమంతా మేము వాళ్లింట్లోనే ఉన్నాం. చిన్నమ్మ వాళ్ల మంచం మీద నిద్రపోయింది. బాపమ్మ, ఆవిడ గోంగూర గురించి వాదించుకున్నారు. ఎండ వాలాక కాక వెళ్లి తాళం తిప్పాడు. వ్యాను ఒకసారి దగ్గింది. రెండోసారి దగ్గింది.  మూడోసారికి అంటుకుంది.

"చెప్పినట్టే ఉన్నది" అంది బాపమ్మ. ఆమె నోట అంతకు మించిన మెప్పు నేనెప్పుడూ వినలేదు.

వానాకాలం రాగానే వెనక సీటు మీద నిజంగానే చుక్క కారింది. ఒక తెల్లవారుజామున ఆ చుక్క కిందే గొడుగు పట్టుకుని బాపమ్మ కూర్చుంది, ఆమె ఒళ్లో తల పెట్టి చిన్నమ్మ పడుకుంది. వ్యాను దవాఖాన గుమ్మం దాకా ఆగకుండా పోయింది. మధ్యాహ్నానికి కబురొచ్చింది, ఆడపిల్ల, ఇద్దరూ క్షేమమని. ఆ రోజు మా ఇంట్లో అందరూ గట్టిగానే సంతోషపడ్డారు.

ఇప్పుడు నాకు మనవలున్నారు. తొందరపెట్టే మనిషి దగ్గర ఆగి కూర్చోవడం బాపమ్మ నేర్పింది. కానీ ఇన్నేళ్లలో నాకు ఎక్కువగా అక్కరకొచ్చింది ఆ జ్యోతినగర్ ఆవిడ నేర్పినది. నన్నెవరైనా అనుమానిస్తే నాకు కోపం రాదు. వాళ్ల వెనక ఏ వాన ఉందో మనకేం తెలుసు?

మొన్న మా పై వాటా కిరాయికి అడగడానికి ఒక అమ్మాయి వచ్చింది. చంకలో పసిబిడ్డ. గోడలు తట్టి చూసింది, నల్లాలన్నీ విప్పింది, కిటికీ గొళ్లేలు లాగి చూసింది. మా అబ్బాయికి కోపమొచ్చి ముఖం చిట్లించాడు. నేను వాణ్ని ఆపి, "కింద కిరాయికున్నోళ్లను గూడ అడుగు బిడ్డా, నా ముందర నిజం చెప్పరు, నువ్వొక్కదానివే పోయి అడుగు" అన్నాను. ఆ పిల్ల బిడ్డను ఎక్కడ దించాలా అని చూసింది. నేను చేతులు చాపాను. కాసేపు నా ముఖంలోకి చూసి, బిడ్డను ఇవ్వకుండానే మెట్లు దిగింది.

మంచిదే అనుకున్నాను. ఆమె తిరిగొచ్చేదాకా గుమ్మంలోనే కూర్చున్నాను.