ఎడమచేతి సంతకం

ఆఫీసులో ఆయన్ని అందరూ తలుపులాయన అనేవారు. బీమా కంపెనీలో ఇరవై రెండేళ్ళుగా ఆయన పని ఒక్కటే: బీమా అడిగిన ఫ్యాక్టరీకి వెళ్ళి, అక్కడ నిప్పంటుకుంటే ఎంతమంది బయటపడగలరో చూసి రిపోర్టు రాయడం. పెళ్ళికి వెళ్ళినా ముందు బయటికి పోయే తలుపులు లెక్కబెట్టేవాడు. "పెళ్ళికూతుర్ని చూడండి, గోడలేం చూస్తారు" అని భార్య మోచేత్తో పొడిచేది. ఆయన కోపం మాత్రం ముక్కు మీదే ఉండేది. తప్పు కనిపిస్తే ఎదుట ఎవరున్నా నోరు ఊరుకునేది కాదు.

ఆ ఏడాది ఆయన చేతికి ఒక చెప్పుల ఫ్యాక్టరీ వచ్చింది. కింది హాల్లో నూట నలభై మంది ఆడవాళ్ళు కూర్చుని చెప్పుల అట్టలు అతికిస్తారు. పక్క గదిలోనే జిగురు డ్రమ్ములు, అగ్గిపుల్ల చూపిస్తే చాలు. వెనక తలుపుకేమో బయటినుంచి తాళం. తోలు ముక్కలు ఎత్తుకుపోతారని యజమాని అనుమానం, వాడి అనుమానం మండిపోను. ఆ నూట నలభై మందిలో తలుపులాయన సొంత అక్క ఉంది, అమ్మ పోయాక ఆయన్ని చంకనెత్తుకు పెంచిన అక్క. దాపరికం చేతకాని మనిషి కాబట్టి ఆ సంగతీ రిపోర్టు మొదటి పేజీలోనే రాసేశాడు.

"ఆ తాళం సంగతొక్కటి రాయకురా. పని పోతే ఈ వయసులో నన్నెవరు పెట్టుకుంటారు?" అంది అక్క.

"ఆ తలుపు తీయించేదాకా నాకు నిద్ర పట్టదక్కా" అన్నాడు తమ్ముడు.

అసలు తిరకాసు ఎక్కడంటే, ఆ యజమాని బీమా కంపెనీ డైరెక్టర్లలో ఒకడు. రిపోర్టు, బీమా ఇవ్వాలో వద్దో తేల్చే రిస్క్ కమిటీ ముందుకు వెళ్ళాలంటే రాసినవాడి సంతకం ఉండాలి. లేకపోతే పాత రిపోర్టే చెల్లుతుంది, అందులో అంతా భేషుగ్గా ఉందని ఉంది. కమిటీ కూర్చునేది శుక్రవారం. మంగళవారం మధ్యాహ్నం ఆయన మరోసారి కొలతలకు వెళితే, ఫోర్‌మన్ ఇద్దరు మనుషులతో కలిసి ఆయన్ని డ్రమ్ముల గదిలోకి ఈడ్చుకుపోయాడు. ఒకడు నోట్లో గుడ్డ కుక్కి, జుట్టు పట్టుకుని మొహాన్ని గోడకేసి కొట్టాడు. ఇంకొకడు కుడిచేతిని బల్ల మీద పరిచి అదిమిపట్టాడు.

"ఇక ఎలా పెడతావో పెట్టుకో సంతకం" అని ఫోర్‌మన్ సుత్తి తీసి, తొందరేమీ లేకుండా, ఒక్కొక్క వేలూ చితక్కొట్టాడు. మూడో వేలికి తలుపులాయనకు స్పృహ తప్పింది.

ఆ వెధవలకు తెలియని సంగతొకటుంది. మామూలు సంతకమే అయితే ఆ రిపోర్టు కాగితాల కట్టలో పడి ఉండేది, కమిటీలో ఒక్కడూ తిరగేసేవాడు కాదు. ఆయన ఆస్పత్రి మంచం మీద, నొప్పిని పంటి బిగువున పట్టి, ఎడమచేత్తో సంతకం గీకాడు. కోడి కెలికినట్టుంది. పాత సంతకాన్ని పోలలేదు. పోలకపోతే రాసిన మనిషే కమిటీ ముందుకొచ్చి నాదేనని చెప్పాలని కంపెనీ రూలు. సెక్రటరీగా ఉన్న పెద్దావిడ ఆ రూలు ప్రకారం ఆయన్ని పిలిపించింది.

శుక్రవారం పొద్దున చేతికి కట్టుతో, వాచిన మొహంతో లోపలికి వెళ్ళాడు. యజమాని అక్కడే కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు.

"మీ ఫ్యాక్టరీ విషయం కాబట్టి మీరు బయట ఉండాలండీ" అంది సెక్రటరీ. వాడు గొణుక్కుంటూ లేచిపోయాడు.

తలుపులాయన తాళం గురించీ, సుత్తి గురించీ పూసగుచ్చినట్టు చెప్పాడు. ఛైర్మన్ అంతా విని కళ్ళజోడు తుడుచుకున్నాడు. "మంచి పని చేశారు. ఆ ఫ్యాక్టరీకి ఇక బీమా ఇవ్వం. మన కంపెనీకి పెద్ద గండం తప్పింది."

"మరి తలుపు సార్?"

"అది మన చేతిలో లేదు కదండీ."

ఆయనకు ఒళ్ళు మండిపోయింది. వేళ్ళు పోగొట్టుకుంది ఈ ముక్క కోసమా? కంపెనీ ఒడ్డున పడింది, అక్క తాళం వెనకే ఉంది. మెట్లు దిగి, ఎదురుగా ఉన్న ఇనప సామాన్ల కొట్లో గునపం కొని, బస్సెక్కి తిన్నగా ఫ్యాక్టరీ వెనక తలుపు దగ్గరికి పోయాడు.

గునపం తాళంలో దూర్చి ఒంటి బరువంతా వేశాడు. కాపలావాడు పరిగెత్తుకొచ్చి కర్రతో వీపు మీద బాదాడు. ఆయన వదల్లేదు. రెండో దెబ్బకు చెవి పగిలి నెత్తురు కారింది. అయినా వదల్లేదు. మూడోది విరిగిన చేతి మీద పడేసరికి ఆయన పెట్టిన కేక హాలంతా వినిపించింది.

"అది మా తమ్ముడి గొంతు" అంది అక్క.

ఆడవాళ్ళు బల్లలెత్తి తలుపు మీద పడ్డారు. తాళం, గొళ్ళెం కలిసి ఊడిపోయాయి. కాపలావాడు కర్ర పారేసేలోపే అక్క తోలు కోసే కత్తితో వాడి చెంప చీరేసింది. కేకలు విని వచ్చిన ఫోర్‌మన్‌ను కింద పడేసి, పళ్ళు రాలేదాకా తన్నారు. సాయంత్రానికి తలుపును మడతబందులతో సహా పీకి మురిక్కాలవలో పడేశారు. కత్తి పట్టిందెవరని పోలీసులు అడిగితే నూట నలభై మందీ నేనంటే నేనన్నారు.

అక్క ఉద్యోగం పోయింది. తమ్ముడి ఉద్యోగమూ పోయింది. వారం తర్వాత అక్క వచ్చి, చెయ్యి కదపలేని తమ్ముడికి ముద్దలు కలిపి పెట్టింది.

"నా పని పోగొట్టావు కదరా" అంది.

ఆయన తల దించుకున్నాడు.

"పదకొండేళ్ళు ఆ తలుపుకేసి చూస్తూ అట్టలతికించానురా. రోజూ చచ్చేంత భయం. ఒక్కరోజు కూడా నీకు చెప్పలేదు" అని అక్క భోరుమంది.