ఎర్ర చుక్కకి నెత్తిన తువ్వాలు

మెరిసే వస్తువు కనబడితే దాని మీద గుడ్డ కప్పందే రేడియో మెకానిక్ బావకి ఊపిరాడదు. పాడైన డీవీడీ ప్లేయర్లు విప్పి లేజరు లైట్లు చేసే సరదా పట్టుకున్నప్పటినుంచీ ఈ తెగులు. ఎర్ర కిరణం దేనికి తగిలి ఎవరి కంట్లోకి ఎగురుతుందోనని బీరువా అద్దానికి దుప్పటి, స్టీలు బిందెకి చీర ముక్క, గోడ గడియారానికి బనీను. ఆ ఇంట్లో టైమెంతయిందో తెలియాలంటే బనీను ఎత్తి చూడాలి.

డ్రైవింగ్ స్కూల్లో పాఠాలు చెప్పే బావమరిదికి ఈ వైభోగం చూస్తే ఒళ్ళు మండేది. అతనిది నున్నటి బట్టతల మరి! గుమ్మంలో అడుగు పెట్టడం ఆలస్యం, నెత్తిన తువ్వాలు పడేది.

"మూత పెట్టడానికి నేనేమన్నా పాలగిన్నెనా బావా?"

"కిరణానికి నీ గుండైనా ఒకటే, అద్దమైనా ఒకటే. చుట్టుకో."

"అక్కా, ఈ పిచ్చిమాలోకంతో ఎలా వేగుతున్నావే?"

"నా ఉంగరానికి ప్లాస్టరు వేశాడురా. నీకు తువ్వాలైనా దక్కింది, సంతోషించు."

అంత ఎగతాళి చేసినవాడికీ ఒకరోజు బావతో పని పడింది. స్కూలు వాళ్ళు కొత్త బ్రాంచి పెడుతున్నారు. ఓనరు స్వయంగా వచ్చి పాఠం వింటాడట. నచ్చితే బ్రాంచికి బావమరిదే పెద్ద. నచ్చకపోతే, ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కొత్త డ్రైవర్ల పక్కసీట్లో కూర్చునే ఖర్మ జన్మంతా తప్పదు.

"గోడ మీది రోడ్డు గుర్తులు చూపించాలి. బెలూను పేలిపోయేంత గట్టి లేజరు చేసిపెట్టు బావా."

"పాఠానికా, యుద్ధానికా?"

"చేతకాదని ఒప్పుకో, పోనీ."

బావ వాదించకుండా తలూపాడు. అప్పుడే అనుమానం రావాల్సింది. "సరే, రేపొచ్చి తీసుకెళ్ళు. కంట్లోకి మాత్రం కొట్టుకోకు."

"నేనేమన్నా పసిపిల్లాణ్ణా?"

పాఠం రోజు హాలు నిండింది. ముందు వరసలో ఓనరు. వెనక గోడ అద్దానికి ఎక్కడో చూసిన గళ్ళ దుప్పటి. బావ ముందే వచ్చి కప్పిపోయాడన్నమాట! పళ్ళు నూరుకుంటూనే, "దీనికి ఇనుము కూడా కరుగుతుంది!" అని కోతలు కోసి బటన్ నొక్కాడు మనవాడు. పట్టపగటి వెలుతురు. గోడ మీద చుక్క కాదు కదా, చుక్క నీడ కూడా లేదు. విదిలించాడు. బల్లకేసి కొట్టాడు. ఆఖరికి మహా మేధావులందరూ చేసే పనే చేశాడు. తిప్పి, చిల్లుని కంటికి ఆనించి, నొక్కాడు.

"అమ్మో! కన్ను పోయింది!"

లేజరు చేతిలోంచి జారింది, జారీ జారగానే ఆరిపోయింది. ఓనరు లేచి నిలబడ్డాడు. మనవాడికి మూసిన కంట్లో ఎర్రమచ్చ, తెరిచిన కంట్లో జారిపోతున్న బ్రాంచి. అయినా కోతలరాయుడు ఊరుకుంటాడా?

"చూశారుగా! వెలిగిందా లేదా అని లేజరులోకి ఎప్పుడూ ఇలా చూడకూడదు!"

ఓనరు చప్పట్లు కొట్టాడు. "కన్ను పణంగా పెట్టి పాఠం చెప్పేవాణ్ణి ఇప్పుడే చూడటం! బ్రాంచి నీదే పోవయ్యా."

కంటి డాక్టరు లైటు వేసి అటూ ఇటూ చూశాడు. "వెంటనే రెప్ప వేశారు. లేజరు కూడా నీరసంది. బతికిపోయారు."

బావమరిది రంకెలు వేస్తూ బావ ఇంటి మీద పడ్డాడు. "గట్టిది అడిగితే మిణుగురు పురుగుని అంటగడతావా?"

"గట్టిదీ చేశా. బీరువాలో పెట్టి తాళం వేశా." బావ కుర్చీలోంచి కదలలేదు. "నీళ్ళు రాకపోతే పైపులోకి తొంగిచూసి స్నానం చేసినవాడివి. సోడా పొంగలేదని సీసాలోకి చూసి ముక్కు వాచినవాడివి. లేజరుని వదుల్తావా? అందుకే ఉన్నవాటిలో నీరసందాన్ని ఏరి, మీటరు పెట్టి ఇంకా తగ్గించి, వేలు తీస్తే ఆరిపోయే బటన్ వేశా. అలాగని మళ్ళీ చూశావంటే, ఈసారి గుడ్డ నీ కళ్ళకే కడతా."

కోతలరాయుడు గోడ దగ్గరికి నడిచాడు. మేకుకి వేలాడుతున్న తువ్వాలు తనే తీసి, తనే నెత్తికి చుట్టుకున్నాడు.

బావ కళ్ళు చికిలించి చూశాడు. "ఇంకాస్త కిందికి లాగు. చెవి పక్కన మెరుస్తోంది."