నాలుగో గవ్వ

ముందే ఒప్పుకుంటున్నాను, నేను చెప్పేదాంట్లో సగం తీసేసి, మిగిలిన సగాన్ని కూడా కాస్త అనుమానంగానే చదువుకోండి. ఆ రోజుల్లో, అంటే రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో, ఆక్లండ్ పక్కన పాపటోయిటోయిలో ఒక ఫిజీ ఆంటీ ఇంట్లో గది తీసుకుని, పగలు వేర్‌హౌస్‌లో పెట్టెలు మోస్తూ, రాత్రి ఆ పెట్టెల్నే కలగంటూ బతికేవాణ్ణి. పక్క గదిలో గుంటూరు నర్సక్క ఉండేది.

ఒక ఆదివారం పొద్దున అక్క నైట్ డ్యూటీ నుంచి వచ్చి, "ఒక్క ఆట ఆడి పడుకుంటా తమ్ముడూ" అంది. అట్టపెట్టె చింపి అష్టాచెమ్మా గళ్ళు గీశాను. గవ్వలు మూడే దొరికాయి. నాలుగోదానికి, ఆంటీ ఫిజీ నుంచి తెచ్చి టీవీ మీద పెట్టుకున్న గుల్ల ఒకటి తీసుకున్నాను. ఒళ్ళంతా గోధుమరంగు వల కప్పినట్టు ముచ్చటగా, తాటికాయంత ఉంది (సరే, బొటనవేలంత). నా గోంగూర పచ్చడిని చెత్తబుట్టలో వేయించిన ఎయిర్‌పోర్టు వాళ్ళు దీన్ని మాత్రం రానిచ్చారు.

రెండు పందేలు వేశానో లేదో, బజారుకు బయల్దేరుతున్న ఆంటీ గుమ్మంలో ఆగింది. "దాంతో ఆడుతున్నావా బేటా? మా వైపు ఆ గుల్లలో ఉండే నత్త కుట్టి మనుషులే పోయారు. కుట్టినట్టు కూడా తెలీదు. విరుగుడు లేదు." అంతే చెప్పి కారెక్కి వెళ్ళిపోయింది.

వేళ్ళు చూసుకున్నాను. నొప్పి లేదు. అంటే కుట్టేసిందన్నమాట.

"లోపల ఏం లేదు తమ్ముడూ, ఖాళీ గుల్ల," అంది అక్క, కన్నుపెట్టి చూసి.

"ఖాళీ అంటే బయటికొచ్చేసిందక్కా," అని కాళ్ళు సోఫా మీదికి లాక్కున్నాను.

"పోనీ అంబులెన్స్ పిలవనా?"

"విరుగుడే లేదంటే, వాళ్ళకెందుకు శ్రమ."

పెదవులు మొద్దుబారాయి. చూపు మసకేసింది (కళ్ళజోడు తీసేసి ఉన్నానని తర్వాత తెలిసింది). పెళ్ళయినా కాకుండా, పరదేశంలో, ఒక నత్త చేతిలో పోతున్నాను. పులి చేతిలో పోయినా ఇంట్లోవాళ్ళు నలుగురిలో చెప్పుకోవడానికి గౌరవంగా ఉండేది. "నా కుక్కర్ నువ్వే ఉంచుకో అక్కా" అన్నాను. "దానికి గాస్కెట్ పోయిందిగా" అని అక్క పడీపడీ నవ్వింది. మధ్యాహ్నం ఆంటీ వచ్చి, "అది మా అమ్మ ఇంట్లోది బేటా, దాంట్లో నత్త నా పెళ్ళికి ముందే చచ్చింది" అనేదాకా నేను పోతూనే ఉన్నాను.

పెంచినవి పెంచాను గానీ, పూర్తిగా కల్పించింది ఒక్కటే. అక్క నవ్వలేదు. రాత్రంతా డ్యూటీ చేసొచ్చిన మనిషి, నాకేమీ కాలేదని మొదటి నిమిషంలోనే తెలిసిన మనిషి, నిద్ర మానుకుని నా నాడి పట్టుకుని, పెదాల్లో ప్రార్థన చేసుకుంటూ ఆంటీ వచ్చేదాకా కదలకుండా కూర్చుంది. ఆ దేశం వెళ్ళాక నా చెయ్యి ఒకరు పట్టుకోవడం అదే మొదటిసారి. ఆంటీ ఇంకాస్త ఆలస్యంగా వస్తే బాగుండునని, చచ్చిపోతూనే అనుకున్నాను.