పసుపు అంటిన పుట

నా చిన్నప్పుడు, మేము తమిళనాట పీలమేడులో, అమ్మా నాన్నా పనిచేసే నూలుమిల్లు లైన్ ఇళ్ళల్లో ఉండగా, మా తమ్ముడికి అమ్మవారు పోసింది. వాడికి నాలుగేళ్ళు, నాకు తొమ్మిది. మా అవ్వ గడపకు వేపమండలు కట్టింది, వంటలో తాళింపు మాన్పించింది, అందరినీ కూర్చోబెట్టి కట్టుబాట్లు చెప్పింది. మారియమ్మ తల్లి మన ఇంట్లోనే ఉంది, ఆమె ఉన్నన్నాళ్ళూ బిడ్డను కన్నది గడప దాటకూడదు, ఎవరూ ఇంకొకరి గడప తొక్కకూడదు, ఇంకో దేవుడికి మొక్కకూడదు, తప్పితే ఆమె కోపం బిడ్డ మీద పడుతుంది అంది. ఆ చివరి మాట నాకేసి చూసి మరీ చెప్పింది. నేను కాలు ఒకచోట నిలవని పిల్లనని ఆమెకు బాగా తెలుసు.

మా పక్కింట్లో ఒక అక్క ఉండేది. తిరుమంగళం వైపు మనిషి. భర్త లేడు, మిల్లులో నూలు చుట్టే రీలింగు పని. తాతల నాటి నుంచి క్రైస్తవులు కాబట్టి లైన్‌లో అందరూ ఆమెను వేదక్కారక్క అనేవాళ్ళు. మాలాగే ఆమెకూ ఇంట్లో తెలుగు, బడిలో తమిళం. షిఫ్టు ముగిసి వచ్చాక, తలలో దూదిపొట్టు కూడా దులుపుకోకుండా, గుమ్మంలో కూర్చుని తమిళ వేదపుస్తకం తెరిచేది. ఒక్కో వరుస కింద వేలు పెట్టి, దాన్ని మన ఇంటి తెలుగులోకి తిప్పి, ముద్దుగా కణ్ణు అని పిలుస్తూ నాకు చెప్పేది. పడవలో తుఫాను కథ, ఇంటికప్పు విప్పి రోగిని కిందికి దించిన కథ, ఎన్నో విన్నాను. వాటన్నిటిలో నాకు పట్టుబడిన సంగతి ఒక్కటే. అక్క స్వామి అడిగినవాళ్ళందరికీ రోగం బాగు చేస్తాడు.

ఎనిమిదో రోజుకు తమ్ముడు నన్ను గుర్తుపట్టలేదు. గొంతులో కూడా పొక్కులు లేచి నీళ్ళు మింగలేకపోయాడు. నాకు భయం పట్టుకుంది. అమ్మ పాతచీర కొంగు చింపి, పసుపునీళ్ళలో ముంచి, తమ్ముడి కాలి గజ్జెల్లోంచి ఒక మువ్వ తెంపి అందులో ముడివేశాను. మా ఇళ్ళల్లో ఏ ఆపదకైనా అలాగే ముడుపు కడతారు, నాకు తెలిసిన దారి అదొక్కటే. అవ్వ కునుకు తీస్తుంటే పెరటిగోడ దూకాను. అక్క మిల్లుకు పోయి ఉంది. తలుపు తీసుకుని వెళ్ళి, ఆ తడి ముడుపును వేదపుస్తకం నడుమ పెట్టి, మా తమ్ముణ్ణి బాగు చేస్తే పెరుమాళ్ళకు వేసినట్టే నీకూ తులసిమాల వేస్తానని మొక్కుకున్నాను.

రెండు రోజులకు, పొద్దుటి షిఫ్టుకు పిలిచే మిల్లు సంగు కూస్తుండగా, తమ్ముడు పోయాడు.

నాన్న వాణ్ణి కొత్త తుండులో చుట్టి భుజాన వేసుకుని వెళ్ళాడు. చూడవచ్చిన వాళ్ళంతా ఒకటే అడిగారు, ఇంట్లో ఏం తప్పు జరిగిందని. నా నోట్లో నువ్వుగింజ నానదని పేరు, కానీ ఆ రోజు పెరట్లోకి పోయి దాక్కున్నాను. తప్పు ఏమిటో, ఎవరిదో నాకు తెలుసు. తమ్ముణ్ణి నేనే చంపాను. నన్ను గమనించే ఓపిక ఎవరికీ లేదు. అమ్మ అయితే గోడకేసి తిరిగి కూర్చుంది, ఒక్క కన్నీటిబొట్టు కూడా రాల్చలేదు.

కొన్నాళ్ళకు, అవ్వకు తెలిసేలోపు ఆ ముడుపు తెచ్చేయాలని మళ్ళీ గోడ దూకాను. అక్క ఇంట్లోనే ఉంది. ఒళ్ళో పుస్తకం, పుస్తకంలో నా ముడుపు, రెండు పుటల నిండా పసుపు. అంత పవిత్రంగా చూసుకునే పుస్తకం కదా, ఈడ్చి ఒకటి కొడుతుందనుకున్నాను. ఆమె నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. నేను పెట్టిన చోట ఎవరికి ఎవరు పుట్టారో వరుసగా పేర్లు తప్ప ఏమీ లేవని చెప్పి కొంచెం నవ్వింది. ఆ నవ్వుకు నేను తట్టుకోలేకపోయాను. గోడ దూకడం, మొక్కడం, మారియమ్మ కోపం, అంతా ఏడుస్తూ చెప్పేశాను.

అక్క మరో పుట తీసింది. చదివి చదివి అంచు నలిగిపోయిన పుట. ఒక ఊళ్ళో ఇద్దరు అక్కచెల్లెళ్ళు, వాళ్ళకొక తమ్ముడు. వాడికి జబ్బు చేసి స్వామికి కబురు పంపితే, ఆయన వచ్చేసరికి వాడు పోయి నాలుగు రోజులయింది. నువ్వు ఉండి ఉంటే మా తమ్ముడు చచ్చేవాడు కాదని వాళ్ళు ఆయన మొహం మీదే అనేశారు. అక్క వేలు అక్కడ ఆగింది.

"అంత మాట అనినా ఆయన కోపించుకోలేదు కణ్ణు. తప్పు ఎవరిదని విచారించలేదు. వాళ్ళు ఏడ్చేది చూసి తానూ ఏడ్చినాడు."

తరువాత ఆయన వాణ్ణి బతికించాడని ఆమె చదివితే నాకు ఒళ్ళు మండింది. మరి మా తమ్ముణ్ణి ఎందుకు లేపలేదని అడిగాను. అక్క నలిగిన ఆ పుట అంచును అరచేత్తో సాపు చేసింది.

"నా కొడుకునీ లేపలేదు. ఎందుకని దినమూ అడుగుతానే ఉండాను. అడిగేదానికే ఈ పుట తీస్తాను."

ఆమెకు ఒక కొడుకు ఉండేవాడని నాకు అప్పుడే తెలిసింది. ఆ ముడుపును నా చేతిలో పెట్టి, మీ మారియమ్మా తల్లే కదా, తమ్ముడి కోసం పరుగెత్తిన పిల్ల మీద ఏ తల్లికి కోపం వస్తుంది అంది.

ఇంటికి వెళ్ళి అమ్మ ఒళ్ళో ముడుపు పెట్టి ఉన్నదంతా చెప్పాను. అమ్మ మువ్వను విప్పి చూసుకుంది. అప్పుడు పెద్దగా ఏడ్చింది.

"నీవు కాదు కణ్ణు, నేను. పని పోతుందని మూడో దినం గడప దాటి షిఫ్టుకు పోయినాను. నేనే చంపుకున్నానని ఉండాను."

పొయ్యి దగ్గర అవ్వ చేతిలోంచి గరిటె జారింది. వాడు నోరు చేదని ఏడిస్తే తాళింపు వేసిన చారు చాటుగా రెండు గుక్కలు తాగించానని, ఎవరికీ చెప్పలేక చస్తున్నానని గోడకు ఆనుకుని కూలబడింది. అంతమందికి కట్టుబాట్లు చెప్పిన మా అవ్వ! ముగ్గురమూ ఒకే చూరు కింద, ఎవరికి వారం వాణ్ణి చంపినవాళ్ళమై, ఎన్ని రోజులు గడిపామో. షిఫ్టు దిగి వచ్చిన నాన్న మా ఏడుపు చూసి చెప్పులు కూడా విడవకుండా వచ్చి మా పక్కన కూర్చున్నాడు.

నేను మతం మారలేదు, అక్క మారమననూ లేదు. ఎందుకు లేపలేదని ఆమె దినమూ అడిగిన ప్రశ్నను డెబ్బై దాటినా నేనూ అడుగుతూనే ఉన్నాను. కానీ ఎవరింట్లోనైనా చావు జరిగితే నేను తప్పక వెళతాను. ఇలా చేసి ఉంటే బతికేవాడేమో అని ఎవరైనా మొదలుపెడితే, ఆ ఇంట్లో ఆ మాట ఎవరి గుండెలో దిగుతుందా అని చుట్టూ చూస్తాను. అలాంటివాళ్ళు ఒక మూల తలవంచుకుని కనబడతారు. వెళ్ళి వాళ్ళ పక్కన కూర్చుంటాను.